వాంతి వెనకే ఛాతీ నొప్పి: అన్నవాహిక దానంతటదే చిరిగిందని ఎలా పట్టుకోవాలి, పట్టుకున్నాక ఏం చేయాలి?

ప్రశ్న: క్యాజువాలిటీ డ్యూటీ

అందరికీ నమస్కారం. క్యాజువాలిటీ గోడకు అంటించుకోవడానికి ఒక పేజీ ప్రోటోకాల్ రాస్తున్నాను. విషయం బోర్‌హావ్ సిండ్రోమ్. ఎండోస్కోపీ చేయలేదు, ఎముక గుచ్చుకోలేదు, యాసిడ్ తాగలేదు. గట్టిగా వాంతి అయినప్పుడు పుట్టిన ఒత్తిడికే అన్నవాహిక గోడ మొత్తం మందం నిలువునా చిరిగిపోతుంది. 1724లో హెర్మన్ బోర్‌హావ్ డచ్ అడ్మిరల్ కేసును ప్రచురించినప్పుడు జబ్బు శవపరీక్షలో బయటపడింది. ఇప్పుడు మన దగ్గర సీటీ ఉంది, థియేటర్ ఉంది. అయినా పేషెంట్ గుండె వార్డులోనో, ప్యాంక్రియాటైటిస్ పేరుతో మెడికల్ వార్డులోనో ఒక రోజు గడిపేశాకే తెలుస్తోంది. ఆ రోజును ఎలా ఆదా చేయాలన్నదే నా బాధ.

వాంతి, ఛాతీ నొప్పి, చర్మం కింద గాలి అనే మాక్లర్ త్రయం అందరికీ తెలుసు. ఆ మూడూ ఒకేసారి ఉన్న పేషెంట్ అరుదు. మరి దేన్ని పట్టుకుని అనుమానించాలి? ఈసీజీలో అంతంతమాత్రం మార్పులుండి, నొప్పి గుండెపోటులాగే ఉంటే ఆస్పిరిన్, హెపారిన్ మొదలుపెట్టేముందు ఏం చూసుకోవాలి? ఎక్స్‌రే మామూలుగా ఉంటే వదిలేయొచ్చా? సీటీకి నోటి ద్వారా ఇచ్చే డై ఏది, ఎంత, ఎలా కలపాలి? రైల్స్ ట్యూబ్ (ముక్కు నుంచి పొట్టలోకి దించే గొట్టం) వేయాలా వద్దా? చివరగా, 24 గంటలు దాటితే కుట్టు వేయకూడదనే పాత మాట ఇప్పటికీ నిలుస్తుందా? పాఠం కాకుండా, చేతికి పని చెప్పేలా రాయండి.

జవాబు 1: ఎమర్జెన్సీ ఫిజీషియన్

డాక్టర్ గారూ, మీ పేజీలో అన్నిటికన్నా పైన ఒకే ప్రశ్న పెద్ద అక్షరాలతో రాయండి: "ముందు వాంతా, ముందు నొప్పా?" గుండెపోటులో, ప్యాంక్రియాటైటిస్‌లో ముందు నొప్పి మొదలై ఆ బాధకు వాంతి వస్తుంది. ఇక్కడ వాంతో డోకో ముందు, ఆ క్షణంలోనే కత్తితో పొడిచినట్టు నొప్పి. పేషెంట్ "ఛాతీ నొప్పి" అని మాత్రమే చెబుతాడు, వాంతి సంగతి మనం అడిగితేనే బయటికొస్తుంది. ట్రయాజ్ షీట్‌లో "వాంతులు, ఛాతీ నొప్పి" అని పక్కపక్కన రాసేస్తే ఆ వరస పోతుంది, దానితో పాటే డయాగ్నసిస్ పోతుంది.

వాంతే ఎందుకంటే, పొట్ట కండరాలు బిగిసి లోపలి పదార్థాన్ని పైకి తోసే క్షణంలో గొంతు దగ్గరి క్రికోఫారింజియస్ కండరం తెరుచుకోవాలి. అది తెరుచుకోకపోతే ఆ ఒత్తిడంతా అన్నవాహిక కింది భాగం మీద పడుతుంది. అక్కడ ఎడమవైపు వెనక గోడ సహజంగానే బలహీనం. పేగుకు ఉన్నట్టు సీరోసా అనే బయటి పొర కూడా అన్నవాహికకు లేదు. అందుకే చిరుగు ఎక్కువగా పొట్టతో కలిసే చోటికి 2, 3 సెంటీమీటర్ల పైన ఎడమవైపు పడుతుంది. వాంతి ఒక్కటే కారణం అనుకోకండి. ప్రసవంలో ముక్కడం, ఫిట్స్, బరువులెత్తడం, ఆగని దగ్గు, కొలనోస్కోపీ ముందు తాగే మందుకు వచ్చిన వాంతులు, ఇవన్నీ కారణమయ్యాయి.

చేత్తో చూడాల్సింది మెడ. కాలర్ ఎముక పైన ఉన్న గుంటలో మూడు వేళ్లు బల్లపరుపుగా ఆనించి మెల్లగా నొక్కండి. లోపల గాలి చేరితే వేళ్ల కింద పొడి మంచు నలిగినట్టు చిటపటమంటుంది. గొంతు ముక్కుతో మాట్లాడినట్టు మారినా అనుమానించండి. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి స్టెర్నం ఎడమ అంచున స్టెతస్కోప్ పెడితే గుండె కొట్టుకున్నప్పుడల్లా కరకర వినబడొచ్చు, అదే హమ్మన్ సైన్. అయితే గాలి చర్మం కిందికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. మొదటి గంటలో మెడ మామూలుగా ఉందని జబ్బు లేదనుకోవడం తప్పు. పేషెంట్ వెల్లకిలా పడుకోలేక ముందుకు వంగి కూర్చోవడం, గుటక వేస్తే నొప్పి పెరగడం, నొప్పి ఎడమ భుజానికో వీపుకో పాకడం, ఊపిరి వేగం పెరగడం, ఇవి మెడకన్నా ముందే కనిపిస్తాయి. పొట్ట పైభాగం బల్లలా గట్టిపడొచ్చు కూడా. అల్సర్ పగిలిందని పొట్ట తెరిచి ఏమీ లేదని మూసేయడం ఈ జబ్బులో పాత పొరపాటే. రక్తపు వాంతి మాత్రం ఇక్కడ కొద్దిగానే ఉంటుంది. మ్యాలరీ వైస్‌లో లోపలి పొర మాత్రమే చిరిగి రక్తం ఎక్కువ, నొప్పి తక్కువ. ఇక్కడ దానికి తిరగబడి ఉంటుంది.

ఈసీజీ గురించి: స్పష్టమైన ఎస్‌టీ ఎలివేషన్ ఉంటే గుండె దారే. అది లేకుండా వాంతి వెనకే నొప్పి వచ్చిందంటే లోడింగ్ డోసులు, హెపారిన్ మొదలుపెట్టేముందు ఛాతీ ఎక్స్‌రే చూడండి. కొన్ని నిమిషాల పని. చిరిగిన అన్నవాహిక ఉన్నవాడికి థ్రాంబోలిసిస్ (రక్తపు గడ్డ కరిగించే మందు) ఇచ్చేస్తే తర్వాత సర్జన్ కత్తి పట్టలేడు.

అనుమానం వచ్చిందంటే నిర్ధారణ కోసం ఆగకుండా ఇవి జరిగిపోవాలి. సీటీ టేబుల్ మీద తాగించే డై తప్ప నోటితో చుక్క నీరు కూడా వద్దు. "మింగగలడేమో చూద్దాం" అని గ్లాసు అందించడం నేరుగా మీడియాస్టైనంలోకి (రెండు ఊపిరితిత్తుల మధ్య చోటు) పోయడమే. రెండు పెద్ద క్యాన్యులాలు, బ్లడ్ కల్చర్లు, లాక్టేట్, క్రాస్ మ్యాచ్. బీపీ తక్కువున్నా లాక్టేట్ 4 దాటినా క్రిస్టలాయిడ్ కిలోకు 30 ఎంఎల్ మొదటి మూడు గంటల్లో, అయినా లేవకపోతే మీన్ ప్రెషర్ 65 లక్ష్యంగా నారడ్రినలిన్. గంటలోపు పైపరసిలిన్ టాజోబ్యాక్టమ్ 4.5 గ్రాములు, తర్వాత ప్రతి 6 గంటలకు. లేదా మెరోపెనెమ్ 1 గ్రాము 8 గంటలకోసారి. నోటి సూక్ష్మజీవులు, గాలి అక్కర్లేనివి కలిసి ఛాతీలో పడ్డాయి కాబట్టి ఎనరోబ్‌లకు కవరేజ్ తప్పనిసరి. ఎప్పటినుంచో యాసిడ్ మాత్రలు వాడేవారికి, ఇమ్యూనిటీ తగ్గినవారికి, ఆలస్యంగా వచ్చినవారికి ఫంగస్ మందు కూడా కలపాలి. ప్యాంటోప్రజోల్ 40 ఎంజీ ఐవీ 12 గంటలకోసారి. ఒండాన్‌సెట్రాన్ 4 ఎంజీ ఐవీ, మళ్లీ ఒక వాంతి అంటే చిరుగు ఇంకొంచెం పొడవు. మార్ఫిన్ కొద్దికొద్దిగా ఐవీ, నొప్పి తగ్గితే జబ్బు దాగిపోతుందనే భయం అనవసరం.

ఆక్సిజన్ మామూలు మాస్కుతో. బైప్యాప్ (ఒత్తిడితో గాలి పంపే మాస్కు) మాత్రం వద్దు, ఆ ఒత్తిడి చిరుగులోంచి గాలిని ప్లూరాలోకి (ఊపిరితిత్తి చుట్టూ పొరల మధ్య చోటు) తోసి టెన్షన్ న్యూమోథొరాక్స్ (ఇరుక్కున్న గాలి ఊపిరితిత్తిని, గుండెను నొక్కేయడం) చేస్తుంది. రైల్స్ ట్యూబ్ గుడ్డిగా దించొద్దు. దాని కొన చిరుగులోంచి మీడియాస్టైనంలోకి వెళ్లిపోగలదు. ట్యూబ్ కావాలంటే ఎండోస్కోప్ కింద గానీ, ఫ్లోరోస్కోపీ చూస్తూ గానీ, థియేటర్లో గానీ. సర్జన్‌కు ఫోన్ సీటీకి పంపేటప్పుడే. రిపోర్ట్ వచ్చాక చేద్దామని ఆగితే ఇంకో రెండు గంటలు పోతాయి.

జవాబు 2: రేడియాలజిస్ట్

పై జవాబులో అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇమేజింగ్ నేను చెబుతాను.

మామూలు ఎక్స్‌రే ఈ జబ్బును కాదనలేదు. మీడియాస్టైనంలో గాలి కనబడటానికి కనీసం గంటైనా పడుతుంది, ప్లూరాలో నీరు చేరడానికి ఇంకొన్ని గంటలు. కాబట్టి ఎక్స్‌రే ఏ గంటకు తీశారో నొప్పి మొదలైన గంటతో పోల్చి చదవండి. చూడాల్సిన చోట్లు: మెడలో మృదుకణజాలం మధ్య నల్లటి గీతలు, అయోర్టా అంచు వెంట సన్నని గాలి చార, ఎడమ కాస్టోఫ్రెనిక్ మూల మూసుకుపోవడం. గుండె నీడ వెనక, కిందిభాగం అయోర్టా వెంట దిగే గాలి గీత ఎడమ డయాఫ్రమ్ మీది గాలి గీతతో కలిసి ఆంగ్ల అక్షరం "వీ" ఆకారంలో కనబడితే అది నాక్లేరియో సైన్. కనబడితే గొప్ప ఆధారం, కానీ దాని కోసం వెతుక్కుంటూ కూర్చోకండి. ఒకేరోజు కొత్తగా వచ్చిన ఎడమ హైడ్రోన్యూమోథొరాక్స్ (ప్లూరాలో నీరూ గాలీ), దానికి ముందు వాంతి, ఇంతకన్నా ఏం కావాలి?

నిలకడగా ఉన్న పేషెంట్‌కు మొదటి పరీక్ష సీటీ. మెడ నుంచి పొట్ట పైభాగం దాకా తీయండి. ముందు డై లేకుండా ఒకసారి. తర్వాత టేబుల్ మీద పడుకోబెట్టాక, స్కాన్‌కు సరిగ్గా ముందు నోటి డై తాగించి, ఐవీ కాంట్రాస్ట్‌తో రెండోసారి. నోటికి అయోహెక్సాల్ లాంటి నాన్ అయానిక్ డై 10 ఎంఎల్, నీళ్లు 90 ఎంఎల్ కలిపి, మొత్తం 100 ఎంఎల్ వీలైనంత గుటకలుగా. పల్చన చేయకుండా నేరుగా తాగిస్తే సీటీలో తెల్లటి చారలు అడ్డొచ్చి చిన్న లీకు మాయమవుతుంది. ఇలా పల్చన చేసే పని టెక్నీషియన్‌కు రాసి ఇవ్వండి, నోటిమాటగా చెబితే పొరపాటు జరుగుతుంది. వార్డులో గంట ముందు తాగించి పంపితే డై పొట్టలోకి జారిపోయి అన్నవాహిక ఖాళీగా ఉంటుంది, స్కాన్ వృథా. ఐవీ కాంట్రాస్ట్ వల్ల అయోర్టిక్ డిసెక్షన్ కూడా అదే స్కాన్‌లో తేలిపోతుంది.

గ్యాస్ట్రోగ్రాఫిన్ విషయంలో జాగ్రత్త. దాని గాఢత రక్తానికి 6 రెట్ల పైనే. పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే నీటిని లాగేసి పల్మనరీ ఎడీమా తెస్తుంది. మత్తుగా ఉన్నవారికి, దగ్గలేనివారికి దాన్ని ముట్టుకోవద్దు, నాన్ అయానిక్ డైయే సరైనది. బేరియం లీకును ఇంకా బాగా చూపిస్తుంది కానీ మీడియాస్టైనంలో పడితే అక్కడే ఉండిపోయి వాపు తెస్తుంది, తర్వాతి సీటీలన్నిటినీ పాడుచేస్తుంది. అందుకే ఫ్లోరోస్కోపీ చేస్తే వరస ఇది: ముందు నీటిలో కరిగే డై, అందులో లీకు కనబడకపోయినా అనుమానం తగ్గకపోతే అప్పుడు పల్చటి బేరియం. నిలబెట్టి తాగిస్తే డై గబుక్కున జారిపోతుంది కాబట్టి పక్కకు పడుకోబెట్టి కూడా చూడాలి. రక్తపు గడ్డో వాపో చిరుగును తాత్కాలికంగా మూసేసి ఉంటే మొదటి పరీక్షలో ఏమీ దొరకదు. కొన్ని గంటల తర్వాత మళ్లీ చేయాల్సిందే.

రిపోర్ట్‌లో "లీకు ఉంది" అని రాసి వదిలేయకూడదు. పొట్టతో కలిసే చోటికి ఎంత పైన, ఏ వైపు, డై మీడియాస్టైనంలోనే ఆగి మళ్లీ అన్నవాహికలోకి వస్తోందా లేక ప్లూరాలోకి స్వేచ్ఛగా పోతోందా, నీరు గదులు గదులుగా ఉందా, కింద ట్యూమరో స్ట్రిక్చరో (సన్నబడ్డ చోటు) ఉందా, ఇవి సర్జన్‌కు కావాలి. సీటీకి తీసుకెళ్లలేనంత అస్థిరంగా ఉన్నవారికి ఛాతీ ట్యూబే పరీక్ష. వచ్చిన నీటిలో ఆహారపు ముక్కలు, ఎక్కువ అమైలేజ్, పీహెచ్ 6 కన్నా తక్కువ, స్క్వేమస్ కణాలు ఉంటే జవాబు దొరికినట్టే. ఆ అమైలేజ్ లాలాజలానిది, దాన్ని చూసి ప్యాంక్రియాటైటిస్ అని రాసేయకండి.

ప్రశ్న అడిగినవారు

రేడియాలజిస్ట్ గారూ, పల్చన చేసే నిష్పత్తి ఇంత స్పష్టంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. సర్జన్లు ఎవరైనా ఉంటే: ఎవరిని కోయాలి, ఎవరిని ఆపాలి? ఛాతీ ట్యూబ్ క్యాజువాలిటీలోనే వేసేయాలా, మీరు వచ్చేదాకా ఆగాలా?

జవాబు 3: థొరాసిక్ సర్జన్

ట్యూబ్ సంగతి ముందు. ప్లూరాలో గాలీ నీరూ ఉంటే ఆగకండి, 28 లేదా 32 ఫ్రెంచ్ (ట్యూబ్ లావుకు కొలత) ట్యూబ్ సేఫ్ ట్రయాంగిల్‌లో (చంక కింద ట్యూబ్ వేసే చోటు) వేసేయండి. సన్నటి పిగ్‌టెయిల్ ఆహారపు ముక్కలతో పూడుకుపోతుంది. ట్యూబ్ వేయగానే పేషెంట్ ఊపిరి, బీపీ కాస్త కుదురుకుంటాయి. కుదురుకున్నాడు కదా అని ఆపరేషన్ వాయిదా వేయడమే అసలు ప్రమాదం.

ఈ జబ్బులో ప్రాణం తీసేది రంధ్రం కాదు, రంధ్రం నుంచి ఛాతీలోకి చేరిన మురికి. పొట్ట కన్నా ఛాతీలో ఒత్తిడి తక్కువ కాబట్టి ఊపిరి పీల్చిన ప్రతిసారీ యాసిడ్, లాలాజలం, ఆహారం మీడియాస్టైనంలోకి లాగబడతాయి. కాబట్టి ఏ పద్ధతి ఎంచుకున్నా మూడు జరగాలి: మురికి మొత్తం బయటికి రావాలి, కొత్తది రాకుండా ఆగాలి, పేషెంట్‌కు తిండి వేరే దారిలో అందాలి. కుట్టు ఇందులో ఒక భాగమే.

కోయకుండా మందులతో చూడదగినవారు ఉన్నారు. లీకు మీడియాస్టైనంలోనే ఆగి డై తిరిగి అన్నవాహికలోకి రావాలి, ప్లూరా శుభ్రంగా ఉండాలి, లక్షణాలు స్వల్పంగా ఉండాలి, సెప్సిస్ (ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్) ఉండకూడదు, కింద అడ్డంకి ఉండకూడదు. ఇవి 1979లో క్యామెరన్ బృందం చెప్పిన షరతుల దారిలోనివే. గట్టిగా వాంతి వల్ల చిరిగినవాటిలో చాలావరకు ప్లూరాలోకి పగిలిపోతాయి, అందుకే ఈ గుంపులోకి వచ్చేవారు కొద్దిమందే. వచ్చినా ఐసియులో ఉంచి కొన్ని గంటలకోసారి చూడాలి. జ్వరం, గుండె వేగం పెరిగితే వెంటనే దారి మార్చాలి.

తీవ్రతను అంకెల్లో పెట్టడానికి పిట్స్‌బర్గ్ స్కోరు వాడండి. వయసు 75 దాటితే 1, గుండె వేగం 100 దాటితే 1, తెల్లకణాలు 10,000 దాటితే 1, ప్లూరాలో నీరుంటే 1. జ్వరం 38.5 డిగ్రీల సెల్సియస్ దాటితే 2, లీకు ఆగకుండా పాకితే 2, ఊపిరి నిమిషానికి 30 దాటినా వెంటిలేటర్ మీదున్నా 2, తెలియడానికి 24 గంటలు దాటితే 2. క్యాన్సర్‌కు 3, బీపీ పడిపోతే 3. మొత్తం 18. రెండు వరకు తక్కువ ప్రమాదం, 3 నుంచి 5 మధ్యస్థం, 5 దాటితే ఎక్కువ. ఎక్కువ వచ్చినవాడిని "రేపు చూద్దాం" అనకూడదు.

ఇక 24 గంటల గీత. ఆలస్యమైన కొద్దీ చావులు పెరుగుతాయన్నది నిజం. కానీ 24 గంటలు దాటగానే కుట్టు పనికిరాదన్నది నిజం కాదు. గడియారం కన్నా కణజాలం చూసి నిర్ణయించండి. అంచులు గులాబీ రంగులో ఉండి సూది పట్టుకుంటే 30వ గంటలోనైనా కుట్టొచ్చు. తడి కాగితంలా చిరిగిపోతుంటే 10వ గంటలోనైనా కుట్టు నిలవదు.

పద్ధతి ఇది. కిందిభాగం చిరుగుకు ఎడమ థొరాకోటమీ (ఛాతీ తెరవడం), 7 లేదా 8వ పక్కటెముకల సందు. మధ్యభాగానికైతే కుడివైపు, 5 లేదా 6. రిబ్ స్ప్రెడర్ పెట్టకముందే ఇంటర్‌కాస్టల్ కండరం ఫ్లాప్‌ను దాని రక్తనాళంతో సహా విడదీసుకోండి. ముందు స్ప్రెడర్ తిప్పేస్తే ఆ నాళం నలిగిపోతుంది, తర్వాత మంచి ఫ్లాప్ దొరకదు. మీడియాస్టైనల్ ప్లూరాను డయాఫ్రమ్ దగ్గరి నుంచి పైదాకా బాగా తెరవండి, కుళ్లిన కణజాలం తీసేయండి, కొన్ని లీటర్ల గోరువెచ్చటి సెలైన్‌తో కడగండి. ఊపిరితిత్తి మీద పొర పట్టేసి విచ్చుకోకపోతే దాన్నీ ఒలిచేయండి, ఖాళీ మిగిలితే అక్కడే చీము గూడు కడుతుంది.

అసలు తప్పు జరిగేది ఇప్పుడే. బయటికి కనబడే కండరం చిరుగు కన్నా లోపలి పొర (మ్యూకోసా) చిరుగు పొడవుగా ఉంటుంది. కనబడినంత మేరకు కుట్టేస్తే పైకొన, కింది కొన తెరుచుకునే ఉంటాయి, వారం తిరిగేలోపు మళ్లీ లీకు. కండరాన్ని పైకీ కిందికీ నిలువుగా కోసి, మ్యూకోసా చిరుగు రెండు కొసలూ ఆరోగ్యమైన గులాబీ పొరలో కలిసే చోటు కళ్లతో చూసేదాకా ఆగకండి. అప్పుడు మ్యూకోసాకు కరిగే దారం 3-0 లేదా 4-0తో విడివిడి కుట్లు, దాని మీద కండరానికి 3-0తో రెండో పొర. ఆ పైన ఫ్లాప్. ఫ్లాప్‌ను కుట్టు మీద కప్పి అంచులు అన్నవాహికకు కుట్టాలి, చుట్టూ బిగించి ఉంగరంలా చుట్టకూడదు, తర్వాత సన్నబడి మింగుడు పడదు. ఇంటర్‌కాస్టల్ దొరకకపోతే ప్లూరా, డయాఫ్రమ్, ఒమెంటమ్, పొట్ట ఫండస్ ఏదైనా వాడొచ్చు. ముగించేముందు అన్నవాహికలో మెథిలీన్ బ్లూ నింపి గానీ, ఛాతీలో సెలైన్ పోసి ఎండోస్కోప్‌తో గాలి ఊది గానీ లీకు చూడండి. ఒక ట్యూబ్ పైకి, ఒకటి వెనక కిందికి, ఒకటి కుట్టు దగ్గర కానీ కుట్టును తాకకుండా. జెజునాస్టమీ (చిన్నపేగులోకి నేరుగా తిండి పంపే గొట్టం) అదే సిట్టింగ్‌లో పెట్టేయండి, తర్వాత పెడదామంటే మళ్లీ మత్తు.

అంచులు సూది పట్టకపోతే పంతానికి పోవద్దు. చిరుగులోంచి పెద్ద టీ ట్యూబ్ దించి, దాన్ని పక్కటెముకల మధ్య నుంచి బయటికి తెచ్చి, పక్కనే ఛాతీ ట్యూబ్ పెట్టి అదుపులో ఉన్న ఫిస్టులా (బయటికి దారి) చేయండి. కొన్ని వారాలకు దారి గట్టిపడ్డాక మెల్లగా బయటికి లాగుతూ తీసేయొచ్చు. కింద క్యాన్సరో, కాల్చేసే మందు తాగిన స్ట్రిక్చరో, పూర్తిగా చెడిపోయిన అకలేషియానో (అన్నవాహిక కింది తలుపు తెరుచుకోని జబ్బు) ఉంటే అన్నవాహికే తీసేయాల్సి రావొచ్చు. ఇంకా పనిచేస్తున్న అకలేషియా అయితే కుట్టుతో పాటు ఎదుటివైపు మయోటమీ (కండరం కోత) చేయాలి. కింది తలుపు మూసి ఉంచి పైన కుట్టు వేస్తే అది ఊడక తప్పదు.

జవాబు 4: అనస్థీషియా, ఐసియు

సర్జన్ గారు చెప్పినదానికి రెండు ముక్కలు చేరుస్తాను. మత్తు ఇచ్చేముందు ఛాతీ ట్యూబ్ ఉండి, పని చేస్తూ ఉండాలి. న్యూమోథొరాక్స్‌ను అలాగే వదిలి వెంటిలేటర్ ఒత్తిడి పెడితే టేబుల్ మీదే టెన్షన్ అవుతుంది. తల ఎత్తి ఉంచి ర్యాపిడ్ సీక్వెన్స్, వీలైనంత వరకు బ్యాగ్‌తో గాలి కొట్టకుండా. నైట్రస్ ఆక్సైడ్ వద్దు, మీడియాస్టైనంలో ఇరుక్కున్న గాలి దానితో ఉబ్బుతుంది. ఎడమ ఛాతీ తెరుస్తారు కాబట్టి డబుల్ లూమెన్ ట్యూబ్.

ఆపరేషన్ తర్వాత 24 గంటల్లో బీపీ కుదురుకుంటే జెజునాస్టమీ ఫీడ్ గంటకు 20 ఎంఎల్‌తో మొదలుపెట్టి, పొట్ట ఉబ్బకపోతే 8 నుంచి 12 గంటలకోసారి పెంచండి. చాలా రోజులు తినకుండా ఉన్నవారికి, మద్యం ఎక్కువగా వాడేవారికి ఫీడ్ ముందే థయామిన్ ఇవ్వాలి. ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం రోజూ చూడాలి, లేకపోతే రీఫీడింగ్ సిండ్రోమ్ కుట్టుకన్నా ముందు పేషెంట్‌ను పడగొడుతుంది. కొత్తగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చిందంటే మందు రాసేసి ఊరుకోకండి, మీడియాస్టైనంలో మళ్లీ ఏదో చేరిందనుకుని సీటీకి పంపండి. ట్యూబ్‌లో నీరు మసకబారినా, లాలాజలంలా సాగినా అమైలేజ్ పంపాలి. 7వ రోజు ప్రాంతంలో డై పరీక్ష బాగుంటే నోటికి పల్చటి ద్రవాలు. కుట్టు పక్కనున్న ట్యూబ్ మాత్రం పేషెంట్ రెండు మూడు రోజులు మింగినా మార్పు లేదని చూశాకే తీయండి. మెథిలీన్ బ్లూ తాగించి ట్యూబ్ చూసే పద్ధతి వాడేముందు జీ6పీడీ లోపం ఉందేమో, సెరటోనిన్ పెంచే మాత్రలు వాడుతున్నారేమో అడగండి.

జవాబు 5: గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్

స్టెంట్ ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. చెబుతాను.

పూర్తిగా కప్పిన మెటల్ స్టెంట్ చిరుగును మూస్తుంది. అయితే ప్లూరాలో పేరుకున్న ఆహారాన్ని, చీమును తీసేయదు. స్టెంట్ వేసి ఛాతీని ట్యూబ్‌తో గానీ థొరాకోస్కోపీతో గానీ శుభ్రం చేయకపోతే లోపల సెప్సిస్ నడుస్తూనే ఉంటుంది, ఎక్స్‌రేలో మాత్రం అంతా బాగున్నట్టు కనబడుతుంది. ఎంపిక కూడా జాగ్రత్తగా ఉండాలి. చిరుగు 6 సెంటీమీటర్లు దాటినా, మెడ దగ్గర ఉన్నా, పొట్టతో కలిసే చోటును దాటినా స్టెంట్ తరచూ విఫలమవుతుంది. బోర్‌హావ్‌లో చిరుగు ఆ కలిసే చోటికి దగ్గరగానే ఉంటుంది కాబట్టి స్టెంట్ కింది కొన పొట్టలోకి వేలాడుతుంది, సన్నబడ్డ చోటు ఏదీ దాన్ని పట్టుకోదు, జారిపోతుంది. యాసిడ్ కూడా స్టెంట్‌లోంచి పైకి పారుతుంది, తల ఎత్తి ఉంచి ప్యాంటోప్రజోల్ ఆపకండి. పాక్షికంగా కప్పిన స్టెంట్ ఎక్కువ గట్టిగా పట్టుకుంటుంది కానీ కప్పని కొసల్లోకి కణజాలం పెరిగి తీసేటప్పుడు చిరుగుతుంది. పూర్తిగా కప్పినదే వాడి, 2 నుంచి 4 వారాల మధ్య తీసేయాలి. వేసిన మరునాడూ, ఆ తర్వాతా ఎక్స్‌రేతో చోటు మారిందేమో చూడాలి.

ఇప్పుడు ఎక్కువగా మొగ్గుతున్నది వాక్యూమ్ స్పాంజ్ వైపు. రైల్స్ ట్యూబ్ కొనకు పాలీయూరథేన్ స్పాంజ్ కుట్టి, చిరుగు బయటి గూటిలోకో, లేక అన్నవాహికలోపలే చిరుగు ఎదురుగానో పెట్టి 125 ఎంఎం మెర్క్యురీ నెగటివ్ ప్రెషర్ పెడతాం. అది మురికిని లాగుతూ, గూటిని కుదిస్తూ, కొత్త కణజాలాన్ని పెంచుతుంది. 3 నుంచి 5 రోజులకోసారి మార్చాలి. మార్చడం ఆలస్యమైతే కణజాలం స్పాంజ్ రంధ్రాల్లోకి పెరిగి, లాగేటప్పుడు రక్తం కారుతుంది. తీసేముందు ట్యూబ్‌లోంచి సెలైన్ పంపి కొన్ని నిమిషాలు ఆగితే తేలిగ్గా వస్తుంది. అయోర్టాకు ఆనుకున్న గూటిలో స్పాంజ్ పెట్టకూడదు, అక్కడ రక్తస్రావం ప్రాణం మీదికి వస్తుంది.

ఇవన్నీ చేసే ఎండోస్కోపీ క్యాజువాలిటీలో కాదు. థియేటర్లో, ట్యూబ్ వేసిన ఛాతీతో, గాలి బదులు కార్బన్ డయాక్సైడ్‌తో, అతి తక్కువగా ఊదుతూ. స్కోప్ వేస్తుండగా బీపీ పడితే ముందు ఛాతీ ట్యూబ్ పూడుకుపోయిందేమో చూడాలి, మందుల సంగతి తర్వాత.

ఇంకొకటి, చిన్న వయసు పేషెంట్‌కు అన్నం ముద్ద గొంతులో అడ్డుపడి, దాన్ని తెచ్చుకోబోయి డోకుతుండగా చిరిగిందంటే ఇయోసినోఫిలిక్ ఈసోఫజైటిస్ (అలర్జీ వల్ల అన్నవాహికకు వచ్చే వాపు) గుర్తుకు రావాలి. అన్నవాహిక మానాక, 6 నుంచి 8 వారాలకు స్కోప్ చేసినప్పుడు చూడటానికి మామూలుగా ఉన్నా సరే పైనా కిందా బయాప్సీలు తీయండి. దాన్ని పట్టుకోకుండా పంపించేస్తే మళ్లీ అన్నం అడ్డుపడుతుంది, అదే చోట మళ్లీ చిరగొచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పేజీ మొదటి వరసలో "ముందు వాంతా, ముందు నొప్పా?", దాని కింద "నోటికి నీళ్లు వద్దు, బైప్యాప్ వద్దు, గుడ్డి ట్యూబ్ వద్దు", ఆ కింద డై నిష్పత్తి, యాంటీబయాటిక్ డోసు, సర్జన్‌కు ఫోన్ చేయాల్సిన సమయం రాశాను. ఛాతీ ట్యూబ్ ట్రేలో 20 ఫ్రెంచ్‌లే ఉన్నాయి, 28, 32 తెప్పించమని ఇండెంట్ పెట్టాను.